వెలుగు నిచ్చు దాత, వెలుగును నిలుపు గ్రామము

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై, ఇబ్రహీంపట్నమునకు చేరువలో శేరిగూడ గ్రామము కలదు. చెరువు క్రింది వరిమళ్ళును, మెట్టపైరులును తరతరములుగా ఈ ప్రాంతపు ప్రజలకు జీవనాధారములు. నేడు గ్రామ పరిసరములందు ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. ఆదిభట్లలో విమానముల భాగములను తయారుచేయు కర్మాగారములును, కంప్యూటరు సంస్థల భవనములును నిలిచినవి. రావిర్యాలలో సౌరఫలకములను తయారుచేయు కర్మాగారము పనిచేయుచున్నది.

ఇట్టి పరిసరములలో నివసించు గ్రామస్థునికి సహజముగా ఒక ప్రశ్న తోచును. ఇంత పెద్ద సంస్థలు మన చెంతనుండగా, వాని లాభములో మన బడికి, మన దవాఖానాకు, మన వీధికి ఏమైనను భాగము కలదా? కలదన్నచో దానిని పొందుట యెట్లు? పొందిన పిదప నిలుపుకొనుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలలో మూడవదియే మిక్కిలి ముఖ్యమని మేము తలంచుచున్నాము. దానిని మరచిన గ్రామమునకు మొదటి రెంటి వలన కలుగు మేలు నాలుగైదేండ్లకు మించి నిలువదు.

తీగ వచ్చినది, కొరత యేది?

మన పల్లెలకు విద్యుత్తు రాలేదని నేడెవ్వరును అనజాలరు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన నాటినుండి స్తంభములు పల్లె పల్లెకును సాగినవి. తెలంగాణ రాష్ట్రమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభింపబడినది. అదే సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీతో దేశములోని జనావాస గ్రామము లన్నింటికిని విద్యుత్తు అందినదని కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను.

అయినను ఈ ప్రకటన యొక్క అర్థమును సరిగా గ్రహింపవలెను. 2004లో నిర్ణయింపబడిన నిర్వచనము ననుసరించి, గ్రామములో తీగయు, పరివర్తకమును ఏర్పడి, బడి, పంచాయతీ కార్యాలయము, ఆరోగ్యకేంద్రము వంటి స్థలములకు విద్యుత్తు అంది, నూటికి పది ఇండ్లకు దీపము వెలిగినచో ఆ గ్రామము విద్యుదీకరింపబడినట్లే. తక్కిన ఇండ్లకు సైతము విద్యుత్తు నందించుటకై 2017లో సౌభాగ్య పథకము ప్రారంభింపబడెను. అనగా గ్రామమునకు తీగ వచ్చుట ఒక మెట్టు. ఇంటికి వచ్చుట రెండవ మెట్టు. అవసరమైన గడియలో నిరాటంకముగా అందుట మూడవ మెట్టు.

ఈ మూడవ మెట్టు చెంతనే నేటి కొరత కనబడును. గాలివానకు స్తంభము కూలిన రాత్రి ఒక తల్లికి ప్రసవవేదన ఆరంభమైనచో ఆరోగ్యకేంద్రములో దీపము వెలుగవలెను. శిశువులకు వేయు టీకాలలో పెక్కింటిని 2 నుండి 8 సెంటిగ్రేడు డిగ్రీల మధ్య చల్లగా నుంచవలెను. చల్లదనము తప్పినచో మందు సీసా చూచుటకు మునుపటివలెనే యుండును గాని అందలి గుణము నశించును. మార్చి నెల ఎండలో పంకా లేని గదిలో పరీక్షకు చదువు పిల్లవాని పాటును మనమెరుగుదుము. పెద్ద తీగలు వేయుట ప్రభుత్వపు పని. కాని ఇట్టి చిన్న చిన్న ఖాళీలను పూడ్చుటకు పరిశ్రమల ధర్మనిధులు ఉపకరింపగలవు.

చట్టము చెప్పునది

సంపన్నుడు తన సంపదకు యజమాని గాక ధర్మకర్తగా మెలగవలెనని మహాత్ముడు బోధించెను. అంతకు ముందు నుండియు మన దేశములో వ్యాపార కుటుంబములు ధర్మసత్రములు, బావులు, విద్యాలయములు నిర్మించుచునే యున్నవి. సర్ రతన్ టాటా ధర్మనిధి 1919లోను, సర్ దొరాబ్జీ టాటా ధర్మనిధి 1932లోను నెలకొనినవి. మన హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషను 1996లో ఆరంభమైనది. ఇవన్నియు దాతల ఇచ్ఛపై నడచినవి.

2013 నాటి కంపెనీల చట్టముతో ఈ స్థితి మారినది. ఆ చట్టములోని 135వ విభాగము 2014 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. గడచిన ఆర్థిక సంవత్సరములో 500 కోట్ల రూపాయలు, అంతకు మించిన నికర విలువ గాని, 1,000 కోట్లు, అంతకు మించిన వ్యాపారపు రాబడి గాని, 5 కోట్లు, అంతకు మించిన నికర లాభము గాని గల కంపెనీ, గత మూడు సంవత్సరముల సగటు నికర లాభములో కనీసము నూటికి రెండు వంతులు సాంఘిక బాధ్యతా కార్యములకు వెచ్చింపవలెను. దీనినే వాడుకలో సి.ఎస్.ఆర్. నిధి యందురు.

ఏయే కార్యములకు వెచ్చింపవచ్చునో చట్టముయొక్క ఏడవ షెడ్యూలు తెలుపును. విద్య, ఆరోగ్యము, త్రాగునీరు, పారిశుద్ధ్యము, పర్యావరణ రక్షణ, గ్రామాభివృద్ధి అందులో చేరియున్నవి. తాము పనిచేయు ప్రాంతమునకును, దాని పరిసరములకును కంపెనీలు ప్రాధాన్యము నొసగవలెనని కూడ చట్టము చెప్పుచున్నది. తన ఉద్యోగుల మేలునకు మాత్రమే చేయు పని గాని, తన సరకు అమ్ముకొనుటకై చేయు ప్రచారము గాని, రాజకీయ పక్షములకు ఇచ్చు విరాళము గాని ఈ లెక్కలోనికి రాదు.

ఇందు రెండు సంగతులు గ్రామస్థులు స్పష్టముగా నెరుగవలెను. మొదటిది: ఈ ధనము ప్రభుత్వ ఖజానాకు చెందినది కాదు. దీనిని ఎచ్చట, ఏ పనికి వెచ్చింపవలెనో కంపెనీ పాలకవర్గమే నిర్ణయించును. కావున ఇది ఫలానా గ్రామమునకు హక్కుగా వచ్చు సొమ్ము కాదు. సకారణముగా కోరి సాధింపవలసిన సాయము.

రెండవది: కొన్ని యేండ్లపాటు సాగు పథకమునకు చట్టము ఒక గడువు నేర్పరచినది. ప్రారంభమైన సంవత్సరమును విడిచి మూడు సంవత్సరములే ఆ గడువు. సీసము, ఆమ్లము గల సాధారణపు బ్యాటరీ ఆయువు మూడు మొదలు అయిదు సంవత్సరములు. ఈ రెండు లెక్కలను ప్రక్క ప్రక్కన వ్రాసి చూడుడు. దాత తన పథకము ముగించుకొని పోవు వేళకే బ్యాటరీ కూడ అలసిపోవుచున్నది! కొంతకాలము వెలిగి ఆరిపోయిన వీధిదీపముల వెనుక తరచుగా దాగియున్న రహస్యమిదియే. ఇందు దాత దోషము లేదు, యంత్రము దోషము లేదు. ఆరంభముననే అడుగవలసిన ప్రశ్నను ఎవ్వరును అడుగకపోవుటయే దోషము.

కొండారెడ్డిపల్లి చూపిన త్రోవ

పరిశ్రమయు, ప్రభుత్వమును, గ్రామమును కలిసిన యెడల ఎంతటి పని జరుగునో నాగర్‌కర్నూలు జిల్లా వంగూరు మండలములోని కొండారెడ్డిపల్లి తెలుపుచున్నది. ఇది ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారి స్వగ్రామము. 2025లో ఈ గ్రామము సంపూర్ణ సౌరగ్రామముగా ప్రకటింపబడెను. దాదాపు 480 ఇండ్ల కప్పులపై ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున సౌరఫలకములు అమర్చబడినవి. ప్రభుత్వ భవనములకు కూడ ఈ ఏర్పాటు జరిగినది. రంగారెడ్డి జిల్లాలోనే కర్మాగారము గల ప్రీమియర్ ఎనర్జీస్ సంస్థ తన సాంఘిక బాధ్యతా నిధినుండి వ్యయములో కొంత భాగము భరించినది. కొంత కేంద్ర ప్రభుత్వపు సబ్సిడీగా లభించినది.

ఆ సబ్సిడీ అన్ని గ్రామములవారికిని తెరచియున్న ద్వారము. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన సూర్యఘర్ పథకము క్రింద ఇంటికప్పుపై 1 కిలోవాటునకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు లేక అంతకు మించినచో 78,000 రూపాయల సాయము నిర్ణయింపబడెను. ఒక కిలోవాటు ఫలకము ఎండగల దినమున సుమారు 4 యూనిట్ల విద్యుత్తు నుత్పత్తి చేయును. మూడు కిలోవాట్లకు దినమునకు 12, నెలకు సుమారు 360 యూనిట్లు అగును. ఇల్లు వాడుకొనగా మిగిలినది తీగలోనికి పోవును. మీటరు ఆ రాకపోకలను రెంటిని లెక్కించును.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఇంటిపై సౌరఫలకము లున్నచో కరెంటు పోదని పలువురు తలంతురు. బ్యాటరీ లేక తీగతో మాత్రమే కలుపబడిన ఏర్పాటులో, తీగలో విద్యుత్తు ఆగిన వెంటనే ఫలకముల విద్యుత్తు కూడ ఆగిపోవును. అట్లు ఆగనిచో స్తంభముపై మరమ్మతు చేయుచున్న లైన్‌మను ప్రాణమునకు ముప్పు వాటిల్లును. కావున బిల్లు తగ్గించుకొనుటయే కోరికయైనచో బ్యాటరీ అక్కరలేదు. ప్రసవగదిలో దీపము ఆరరాదన్నచో బ్యాటరీ తప్పదు. ఏది కావలెనో తేల్చుకొనక దాత నడుగ బోరాదు.

దాతకు ఆపద వచ్చినప్పుడు

పెద్ద దాతయు ఎల్లకాలము పెద్దగానే యుండునని నమ్ముటకు వీలులేదు. మన తెలుగునాట జరిగిన ఒక సంగతి ఇందుకు సాక్ష్యము. సత్యం కంప్యూటరు సంస్థ స్థాపకుల కుటుంబము 2001లో బైర్రాజు ఫౌండేషనును నెలకొల్పెను. గోదావరి మండలములలోను, ఇతర జిల్లాలలోను పెక్కు గ్రామములలో ఈ సంస్థ వైద్యము, విద్య, శుద్ధిచేసిన త్రాగునీరు అందించెను. 108 అత్యవసర వైద్యవాహనముల సేవ కూడ ఆ దాతల చొరవతోనే 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ఆరంభమయ్యెను. 2009 జనవరి 7వ తేదీన సత్యం సంస్థ లెక్కలలోని మోసము బయటపడగా, ఆ సంస్థపై ఆధారపడిన ధర్మకార్యముల మూలమే కదలిపోయెను.

అయినను 108 వాహనములు ఆగలేదు. ఏల? వాని నిర్వహణ వ్యయములో అధికభాగమును అప్పటికే ప్రభుత్వము భరించుచుండెను. యాజమాన్యమును అదే సంవత్సరము జి.వి.కె. సంస్థ చేపట్టెను. అట్లే గ్రామము స్థలమును సమకూర్చి, నీరు తీసికొనిపోవువారు స్వల్ప రుసుము చెల్లించు త్రాగునీటి కేంద్రమునకును, ప్రతి నెలయు దాత పంపు సొమ్ముకై ఎదురుచూచు కార్యమునకును గల తేడాను ఊహింపుడు. మొదటిది తన కాళ్ళపై నిలువగలదు. రెండవది దాతతో పాటు నేలకొరగును. విద్యుత్తు విషయములోను న్యాయమిదియే.

పూర్వులు నేర్పిన దశబంధము

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. దీనికి విరుగుడు కూడ క్రొత్తది కాదు. ఇబ్రహీంపట్నపు పెద్దచెరువు 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా పాలనాకాలము నాటిది. చెరువు త్రవ్వించుట యెంత పుణ్యమో, దాని కట్టను ఏటేట కాపాడుట అంత అవసరమని మన పూర్వులకు బాగుగా తెలియును. అందుచేతనే తెలుగుదేశమున దశబంధమను ఆచారము వెలసెను. చెరువు త్రవ్వించినవానికో, బాగుచేసినవానికో కొంత భూమిని, లేక శిస్తులో భాగమును ఇనాముగా నొసగువారు. ఆ ఇనాము ఊరక వచ్చునది కాదు. చెరువును మరమ్మతులో నుంచవలెనను షరతు దానికి ముడిపడియుండెను. తూములు విప్పి నీరు పారించు నీరటికాడు వేరు. అతనికి గ్రామము గింజలు కొలిచెడిది.

అనగా నిర్మాణమునకు ఒకరు, రక్షణకు ఒకరు, రక్షించువానికి జీవనోపాధి — ఈ మూడింటిని మన పెద్దలు ఒకే ముడిలో బిగించిరి. నేటి సౌరదీపమునకును ఇట్టి దశబంధమే కావలెను.

ఆధునిక కాలమున సైతము ఇట్టి సామూహిక బాధ్యతకు మన తెలంగాణములోనే గొప్ప ఉదాహరణము కలదు. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము ఏర్పడెను. వాడుకదారులే అందు సభ్యులు, వారే వాటాదారులు. మరమగ్గముల పట్టణమునకును, చుట్టుపట్ల గ్రామములకును ఆ సంఘము విద్యుత్తును పంచినది. తమ సొమ్ము కలిసిన వస్తువును ప్రజలు తమదిగా చూచుకొందురనుటకు ఇది నిదర్శనము.

ముందు లెక్క, పిదప విన్నపము

ఒక చిన్న లెక్క వేయుదము. అయిదు గదుల బడి యొకటి కలదనుకొందము. గదికి రెండు పంకాలు, రెండు దీపములు. పాత పంకా ఒకటికి 70 వాట్ల చొప్పున పదింటికి 700 వాట్లు; 20 వాట్ల దీపములు పదింటికి 200 వాట్లు; మొత్తము 900 వాట్లు. దినమునకు ఆరు గంటలు నడచినచో 5.4 యూనిట్లు ఖర్చగును. ఇప్పుడు పంకాలను మార్చి 30 వాట్లతో తిరుగు క్రొత్తరకపు పంకాలు పెట్టినచో మొత్తము 500 వాట్లు. ఖర్చు 3 యూనిట్లు మాత్రమే. మొదటి లెక్కకు రెండు కిలోవాట్ల ఫలకము కావలెను. రెండవదానికి ఒక కిలోవాటు చాలును. బ్యాటరీయు చిన్నదగును. కావున ఫలకము కోరుటకు ముందు పంకాను మార్చుమని కోరుట తెలివి.

తరువాత నిర్వహణ లెక్క. ఉదాహరణమునకు బ్యాటరీల వెల 60,000 రూపాయలనియు, ఆయువు అయిదేండ్లనియు అనుకొందము. ఏటికి 12,000, నెలకు 1,000 రూపాయలు మొదటి నెలనుండియే వేరుగా కూడబెట్టవలెను. ఆదా అయిన కరెంటు బిల్లునుండి కొంత, పంచాయతీ నిధినుండి గాని పురపాలక సంఘమునుండి గాని కొంత, పూర్వవిద్యార్థుల చందాలనుండి కొంత ఈ సొమ్ము సమకూర్చవచ్చును. దీపములు క్రొత్తవిగా వెలుగుచున్న దినములలో ఈ పొదుపు అనవసరముగా తోచును. అయిదవ యేట దాని విలువ తెలియును.

దాత నడుగబోవు ముందు గ్రామసభలో గాని వార్డు సభలో గాని ఈ క్రింది విషయములను చర్చించి తీర్మానము వ్రాసికొనుట మంచిది.

మొదట, ఏ కొరత తీరవలెను, అది ఎందరికి సంబంధించినది అను విషయము. ప్రధానోపాధ్యాయుని, ఆరోగ్య కార్యకర్త యొక్క వ్రాతపూర్వకమైన అభిప్రాయమును జతపరుపవలెను.

రెండవది, వస్తువు ఎవరి పేర నుండును? 2021లో సవరింపబడిన నిబంధనల ప్రకారము సాంఘిక బాధ్యతా నిధితో ఏర్పడిన స్థిరాస్తి కంపెనీ చేతిలో నుండరాదు. అది ప్రజాసంస్థకు గాని, నమోదైన ధర్మసంస్థకు గాని, లబ్ధిదారుల స్వయంసహాయక బృందము వంటి సమూహమునకు గాని చెందవలెను. మహిళా సంఘములు బలముగా నున్న మన పల్లెలలో ఇది మంచి అవకాశము. అప్పగించు దినముననే జాబితా, రసీదులు, హామీపత్రములు చేతికి తీసికొనవలెను.

మూడవది, పని చేయించు స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వమువద్ద సి.ఎస్.ఆర్. కార్యములకై నమోదైనదా? 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి ఈ నమోదు తప్పనిసరి.

నాలుగవది, చెడినచో ఎవరిని పిలువవలెను, ఎన్ని దినములలో వత్తురు? దూరపు నగరమునుండి రావలసిన మేస్త్రీ కంటె ఊరిలోని యువకుడు మేలు. స్థాపన సమయముననే ఇద్దరు యువకులకు, ఇద్దరు మహిళలకు శిక్షణ నీయుమని దాతను కోరవచ్చును. శేరిగూడ వంటి చోట్ల ఇంజనీరింగు కళాశాలల విద్యార్థుల సాయమును కూడ కోరవచ్చును. ఏటికి రెండుమారులు వచ్చి పరీక్షించిపోయినను వారికది పాఠమే, గ్రామమునకది రక్షణయే.

అయిదవది, ఫలకములపై దుమ్ము తుడుచు వారెవరు? పని చిన్నదే, కాని పేరు వ్రాయని చిన్న పని ఎవ్వరును చేయరు. దుమ్ము పేరుకొన్న ఫలకమునుండి వచ్చు విద్యుత్తు తగ్గిపోవును.

దానమిచ్చిన ఆవుకు పండ్లు లెక్కింపరాదని మనలో ఒక సామెత కలదు. మర్యాదకు ఆ మాట తగినదే. కాని గ్రామమునకు వచ్చిన ఆవు గ్రామములో బ్రతుకవలెనన్నచో పండ్లు లెక్కించుటలో తప్పులేదు. మేత ఎవరు వేయుదురో తేల్చుకొనుట కర్తవ్యము కూడ. మంచి దాత ఇట్టి ప్రశ్నలకు నొచ్చుకొనడు. తానిచ్చిన దీపము పదేండ్ల తరువాత కూడ వెలుగవలెనని అతడును కోరును.

ప్రారంభోత్సవపు దినమున శిలాఫలకముపై దాత పేరు చెక్కుదురు. అది ఉచితమే. దాని ప్రక్కనే ఇంకొక చిన్న పలకను తగిలించి, నిర్వహణ బాధ్యులైన గ్రామస్థుల పేరులును, కూడబెట్టిన సొమ్ము లెక్కయు ప్రతి సంవత్సరము దానిపై వ్రాయుచుందురు గాక! గాలివాన రాత్రి ప్రసవగదిలోనికి అడుగుపెట్టిన తల్లికి ఆ రెండవ పలకయే అభయము. మొదటి పలక వెలుగు వచ్చిన దినమును తెలుపును. రెండవది ఆ వెలుగు రేపును ఉండునని తెలుపును.